నిల్ రిపోర్టు

ఎమ్మార్వో ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పనిచేసిన నాకు ఒకే ఒక్క కాగితమంటే నిజమైన గౌరవం. దాని పేరు నిల్ రిపోర్టు. కలెక్టరాఫీసు వాళ్లు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. మీ మండలంలో ఎన్ని పిడుగులు పడ్డాయి, ఎన్ని మేకలు వాగులో కొట్టుకుపోయాయి, ఎన్ని ఇళ్లు కూలాయి అని. మనం కుర్చీ కదలకుండా అన్ని గళ్లలోనూ 'నిల్' అని రాసి సంతకం పెట్టి పంపేస్తాం. పిడుగు పడిందని రాస్తే విచారణ, పంచనామా, ఫోటోలు, మూడు కాపీలు. పడలేదని రాస్తే టీ. అందుకే మా మండలంలో పిడుగులు తక్కువ.

అలాంటి నేను 2025 మార్చిలో అమ్మాయి దగ్గరకు అమెరికా వెళ్లాను. షికాగో శివారులో అరోరా. బయట చలి, ఇంట్లో హీటరు, పలకరించే మనిషి లేడు, పొద్దున్నే గుమ్మంలో పేపరు పడదు. రెండో వారానికల్లా గోడ గడియారంలో సెకన్ల ముల్లు సరిగా పనిచేస్తోందా లేదా అని పర్యవేక్షించే స్థితికి వచ్చాను. అది చూడలేక అమ్మాయి, "నాన్నా, నీకు ఫైళ్లంటే ప్రాణం కదా, నాతో రా" అంది. తను అకౌంటెంటు. వారానికో రోజు షికాగో పడమటి వైపు ఒక చిన్న సంస్థకు ఊరికే లెక్కలు చూసిపెడుతుంది. నాది విజిటర్ వీసా, పని చేయకూడదేమో అన్నాను. "పని చేయకు. కూర్చుని లోపాలు చెప్పు చాలు" అంది. సర్వీసంతా చేసింది అదే కాబట్టి ఒప్పుకున్నాను.

ఆ సంస్థ పని తుపాకీ గొడవలు ఆపడం.

"పోలీసులా?"

"కాదు నాన్నా. మధ్యలోకి వెళ్లి మాట్లాడతారు."

"తుపాకీ పట్టుకున్నవాడితోనా?"

"పట్టుకోబోయేవాడితో."

వాళ్లలో చాలామంది ఒకప్పుడు ఆ గొడవల్లో తిరిగినవాళ్లే, జైలు చూసి వచ్చినవాళ్లే. ఒకడికి గుండు తగిలితే, వాడి తమ్ముడు లెక్క సరిచేయడానికి బయల్దేరతాడు. ఆ తమ్ముడు వీధి మలుపు తిరిగేలోపు వీళ్లు ఆసుపత్రి దగ్గరో వాళ్లింటి మెట్ల మీదో కనిపిస్తారు. కడప, కర్నూలు జిల్లాల్లో ఫ్యాక్షన్ రోజులు చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. కత్తి తీసిన మేనల్లుడి చెయ్యి పట్టుకోగలిగేది ఎస్సై కాదు, మేనమామ.

అమెరికావాళ్లు మేనమామను కూడా సైన్సుగా మార్చగలరు. గ్యారీ స్లట్కిన్ అని అంటువ్యాధుల డాక్టరు సోమాలియాలో క్షయతో, కలరాతో కుస్తీ పట్టి షికాగో తిరిగొచ్చి, హత్యల మ్యాపు చూసి, ఇది కూడా ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బులాగే ఉందే అన్నారు. 2000లో వెస్ట్ గార్‌ఫీల్డ్ పార్క్ అనే పేటలో సీజ్‌ఫైర్ పేరుతో పని మొదలుపెట్టారు. మొదటి ఏడాదే అక్కడ కాల్పులు 67 శాతం తగ్గాయని లెక్క చెప్పారు. ఆ పద్ధతి తర్వాత చాలా నగరాలకు పాకింది. 2022 జూన్‌లో అమెరికా కాంగ్రెసు తుపాకుల మీద ఒక చట్టం చేసి, అందులో ఇలాంటి పనులకు అయిదేళ్లకు 25 కోట్ల డాలర్లు కేటాయించింది. గొడవలు ఆపేవాళ్లకూ, వాళ్లకు శిక్షణ ఇచ్చేవాళ్లకూ. తుపాకులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి జోలికి వెళ్లడం మర్యాద కాదట.

దేవుడు వరమిచ్చాడు. ఇక పూజారి సంగతి చెబుతాను.

ముందు సంస్థకు పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక గుర్తింపు సంఖ్య తెచ్చుకోవాలి. అది ఇచ్చే వెబ్‌సైట్‌లో ఏటా పేరు పునరుద్ధరించుకోవాలి. తర్వాత ఇంకో వెబ్‌సైట్‌లో దరఖాస్తు సగం వేయాలి. మిగతా సగం వేయడానికి మూడో వెబ్‌సైట్ ఉంది, దాని పేరు జస్ట్‌గ్రాంట్స్. జస్ట్ అంటే న్యాయంగా అనీ, ఊరికే అనీ రెండర్థాలున్నాయి కదా, ఇక్కడ ఏదని అడిగాను. అమ్మాయి నావైపు చూసి ఊరుకుంది. అక్షరాలు పన్నెండు పాయింట్ల సైజు ఉండాలి, నాలుగు వైపులా అంగుళం వదలాలి, వరసకూ వరసకూ మధ్య ఒక వరస ఖాళీ ఉంచాలి. ఆ ఖాళీ వరసల్లో అసలు జరిగింది రాసుకోవచ్చని నా ఊహ.

ఆ ఫారాలు చూస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి. పుట్టింటికి వచ్చినట్టయింది. మనవాళ్లు ఐటీలో మాత్రమే అమెరికాతో పోటీపడుతున్నారనుకున్నాను. కాదు, గుమాస్తాగిరీలో ఎప్పుడో సమానమయ్యాం.

దరఖాస్తులో 'లాజిక్ మోడల్' అని ఒక బొమ్మ గీయాలి. ఎడమ పక్కన డబ్బు, మధ్యలో పని, కుడి పక్కన శాంతి, నడుమ బాణాలు. సంస్థలో అరవై దాటిన పెద్దాయన ఒకరున్నారు. యవ్వనంలో సగం జైల్లో గడిచిందని ఆయనే చెప్పారు. ఇప్పుడు రాత్రి పదకొండింటికి కూడలికి వెళితే తెల్లవారుజామున వస్తారు. నిరుడు ఒక కుర్రాడు తుపాకీతో బయల్దేరి ఆయన్ని చూసి వెనక్కి తిరిగాడట. ఎందుకు తిరిగాడని అడిగితే ఆయన చెప్పిన జవాబు ఒకటే: "వాళ్లమ్మ నాకు తెలుసు." దాన్ని బాణాల మధ్య ఎక్కడ పెట్టాలో ఎవరికీ అర్థం కాలేదు. చివరికి దరఖాస్తు రాసిపెట్టడానికి వచ్చిన సలహాదారు దాన్ని 'స్థానిక విశ్వసనీయ సంబంధాల మూలధనాన్ని సమీకరించుట' అని మార్చాడు. పెద్దాయన చదివి, ఇది నా గురించేనా అని అడిగారు.

సలహాదారు అన్నాను కదా. గ్రాంటు సొమ్ములోంచి సలహాదారుకు రోజుకు 650 డాలర్లు దాటి ఇవ్వాలంటే ముందస్తు అనుమతి కావాలి. అంటే 650 దాకా ఫర్వాలేదు. రాత్రంతా కూడలిలో నిలబడేవాడి జీతం మీద ఇలాంటి గరిష్ఠ పరిమితి ఎవరూ పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం రాలేదు.

ఇక శిక్షణ. మన దగ్గర శిక్షణ అంటే ఏమిటి? గుడ్డ సంచి, పెన్ను, స్క్రిబ్లింగ్ ప్యాడు, పదకొండింటికి సమోసా, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం టీఏ డీఏ ఫారం. మధ్యలో ఎవరో మాట్లాడతారు. మరి అక్కడ? ఈ గ్రాంటు డబ్బుతో జరిగే శిక్షణలో సాధారణంగా తిండి, కాఫీ ఖర్చు రాయడానికి వీల్లేదు. నేను మూడుసార్లు చదివించుకున్నాను. రెండు ముఠాల మధ్య రాజీ కుదర్చడం ఎలాగో నేర్పే శిక్షణలో కప్పు కాఫీ ఇవ్వకూడదు! మన రచ్చబండ మీద కూడా టీ చెప్పించాకే తగాదా మొదలుపెడతారు. ఉప్మా పెట్టకుండా శాంతి ఎలా వస్తుందో అమెరికా ప్రభుత్వమే చెప్పాలి. పెద్దాయన తన జేబులోంచి డోనట్లు కొని తెస్తారట. అందువల్ల అవి ఏ నివేదికలోనూ లేవు.

అలాగని శిక్షణే దండగ అనను. నోటితో గొడవ ఆపగలిగినవాడికి రక్తం ఆపడం వచ్చి ఉండాలని లేదు. రాత్రి చూసింది పగలు రాసుకోవడం, తన గుండెలో పేరుకున్నది ఎక్కడో దించుకోవడం, ఎక్కడ ఆగి వెనక్కి రావాలో తెలియడం, ఇవన్నీ నేర్చుకోవాల్సిన విద్యలే. షికాగో విశ్వవిద్యాలయం ఇలాంటి సంస్థల నాయకుల కోసం ఆరు నెలల కోర్సే పెట్టింది. బాల్టిమోర్‌లో సేఫ్ స్ట్రీట్స్ అనే కార్యక్రమం ఉంది. 2021 జనవరికీ 2022 జనవరికీ మధ్య దాని కార్యకర్తలు ముగ్గురు కాల్పుల్లో చనిపోయారు. కాఫీ గురించి హాస్యమాడుతున్నాను కానీ, వీళ్లు వెళ్లే చోటికి నన్ను పంపితే నేను మెడికల్ లీవు పెడతాను.

"ఏమండీ, మనకెందుకండీ వాళ్ల గొడవ?" అంది మా ఆవిడ. నిజమే, మనకెందుకు? ఎమ్మెస్ చదవడానికి వెళ్లిన మన పిల్లలు రాత్రిళ్లు గ్యాస్ స్టేషన్ కౌంటర్ల వెనక నిలబడతారు. వాళ్లలో కొందరు అక్కడే గుండు తగిలి పోయారు. తెలుగు సంఘాలు చందాలు పోగుచేస్తాయి, పెట్టె శంషాబాద్‌లో దిగుతుంది, ఆ ఊళ్లో రెండు రోజులు కెమెరాలుంటాయి. అంతకు మించి మనకేం లేదు.

ఆ దరఖాస్తు మీద వచ్చిన గ్రాంటుకు మార్చి 31తో ముగిసిన మూడు నెలల లెక్క ఏప్రిల్ 30లోగా పంపాలి. మార్చి 31! ఆ తేదీ వినగానే నాలోని పాత గుర్రం సకిలించింది. నేనూ అమ్మాయీ కూర్చున్నాం. ఎంత ఖర్చయింది, ఎందరికి శిక్షణ, ఎన్ని సమావేశాలు, అన్నీ నిండాయి. ఫలితం అనే గడి దగ్గర ఆగిపోయాం.

పెద్దాయన నోటుబుక్కు తెరిచి చదివారు. సోమవారం, ఏమీ జరగలేదు. మంగళవారం, ఇద్దరు అరుచుకున్నారు, ఏమీ జరగలేదు. బుధవారం, ఒకడి చెల్లెలి గురించి మరొకడు ఫోన్‌లో ఏదో పెట్టాడు, రాత్రి రెండింటిదాకా వాళ్లింటి మెట్ల మీద కూర్చున్నాను, ఏమీ జరగలేదు.

నాకు అప్పుడు వెలిగింది. ఇది నిల్ రిపోర్టు! నేను కుర్చీలో కూర్చుని రాసినదీ అదే మాట, ఆయన మెట్ల మీద కూర్చుని సంపాదించినదీ అదే మాట. చదివే ఆఫీసరుకు మాత్రం తేడా తెలియదు. మా పిడుగులు పడ్డా నిల్లే, ఆయన పిడుగు చేత్తో పట్టుకున్నా నిల్లే.

పరిశోధకులు తేడా పట్టుకోవడానికి ప్రయత్నించకపోలేదు. సేఫ్ స్ట్రీట్స్ పనిచేసిన చోట్ల ప్రాణం పోని కాల్పులు 23 శాతం తగ్గాయని జాన్స్ హాప్కిన్స్ వాళ్లు 2023లో చెప్పారు. పిట్స్‌బర్గ్‌లో ఇలాంటి కార్యక్రమమే ఫలించలేదని 2010లో ఇంకో అధ్యయనం తేల్చింది. మందు ఒక ఊళ్లో పనిచేసి ఇంకో ఊళ్లో చేయకపోతే డాక్టర్లు మోతాదు చూస్తారు. ప్రభుత్వాలు సీసా పారేస్తాయి.

అమెరికా ప్రభుత్వం పారేసింది కూడా. ఏప్రిల్ 22న, మేం లెక్కలు పంపడానికి ఇంకా ఎనిమిది రోజులుండగా, న్యాయశాఖ నుంచి మెయిల్ వచ్చింది. మీ గ్రాంటు ఇకపై శాఖ ప్రాధాన్యాలకు తోడ్పడటం లేదు, రద్దు చేశాం, అభ్యంతరముంటే 30 రోజుల్లో చెప్పుకోవచ్చు అని దాని సారాంశం. దరఖాస్తుకు అంగుళం మార్జిన్లు, గుర్తింపు సంఖ్యలు, బాణాలు, మూడు వెబ్‌సైట్లు. రద్దుకు ఒక్క మెయిల్. మా ఒక్కరికే కాదు. న్యాయశాఖ దేశమంతా 360కి పైగా గ్రాంట్లు అలాగే రద్దు చేసింది. వాటి మొదటి విలువ 80 కోట్ల డాలర్ల పైమాటే. బాధితులకు సాయం చేసేవీ అందులో ఉన్నాయి, కొన్నిటిని తర్వాత తిరిగి ఇచ్చారు. తమాషా ఏమిటంటే, అంతకు ముందటి 2024లోనే దేశంలో హత్యలు దాదాపు 15 శాతం తగ్గాయని ఎఫ్‌బీఐ లెక్క. జ్వరం దిగింది, ఇక డాక్టరెందుకు?

పెద్దాయన ఆశ్చర్యపోలేదు. 2015లో ఇల్లినాయి రాష్ట్రం కూడా సీజ్‌ఫైర్ డబ్బు ఆపేసిందట. 2016లో షికాగోలో 760 మందికి పైగా హత్యకు గురయ్యారు. ఇందువల్లే అది జరిగిందని చెప్పలేం, కారణాలు చాలా ఉంటాయి. నేను గుమాస్తాని, రెండు తేదీలు పక్కపక్కన రాయడం వరకే నా పని.

ఈసారి గ్రాంట్లు పోయిన అయిదు సంస్థలు కోర్టుకెళ్లాయి. వాషింగ్టన్‌లో గుజరాత్‌లో పుట్టిన జడ్జి అమిత్ మెహతా జులైలో తీర్పు చెప్పారు. ప్రభుత్వం చేసింది సిగ్గుచేటు అన్నారు. కేసు కొట్టేశారు. సిగ్గుచేటు పనులన్నీ చట్టవిరుద్ధం కావని, దీన్ని సరిదిద్దే అధికారం తన కోర్టుకు లేదని ఆయన లెక్క. కాలికేస్తే మెడకి, మెడకేస్తే కాలికి అంటే మనవాళ్లేదో సామెత అనుకుంటాం, అది అమెరికాలో జ్యూరిస్‌డిక్షన్.

నేను తిరిగొచ్చే వేళకు అదే పద్దు కింద కొత్త నోటీసు వచ్చింది. గొడవలు ఆపడానికి మళ్లీ నిధులు! అమ్మాయి ఆత్రంగా తెరిచింది. ఈసారి రాష్ట్రాలు, నగరాలు, కౌంటీలు, గిరిజన ప్రభుత్వాలు దరఖాస్తు చేసుకోవచ్చు. పేటల్లో పనిచేసే సంస్థలు నేరుగా చేసుకోవడానికి లేదు. పెళ్లి జరుగుతుంది, పెళ్లికొడుకు ఒక్కడే రాకూడదు.

వచ్చేముందు ఒక పని మాత్రం పూర్తి చేశాను. రద్దయిన గ్రాంటుకైనా 120 రోజుల్లోగా ఆఖరి నివేదిక పంపాల్సిందే. అమ్మాయి టైపు చేసింది, నేను పక్కన కూర్చుని చెప్పాను, వీసా నిబంధన తప్పలేదు. నోటుబుక్కులో చివరి పేజీ మెయిల్ వచ్చిన రాత్రిది. పెద్దాయన ఆ రాత్రి కూడా పదకొండింటికే వెళ్లారు.

తేదీ: ఏప్రిల్ 22. స్థలం: కూడలి. సిబ్బంది: ఒకరు. వేతనం: నిల్. చనిపోయినవారు: నిల్.