వంటలక్కకు కొలువు కావాలి

'కార్తీక దీపం' సీరియల్లో వంటలక్క దీప బతికొచ్చింది. 2022 మార్చిలో యాక్సిడెంటులో పోయిందని మీరూ నేనూ కళ్లారా చూశాం. భర్త డాక్టర్ బాబూ పోయాడు, పిల్లలు పెద్దవాళ్లయ్యారు, కథ ఒక తరం ముందుకెళ్లింది. రేటింగు మాత్రం వెనక్కెళ్లింది. అభిమానుల గోడు విని చానల్ వారు పెద్ద మనసు చేసుకుని కొన్ని నెలలకే ఆమెను లేపారు. వైద్యశాస్త్రం తల గోక్కుంది గానీ, మా వీధిలో ఎవరికీ ఒక్క అనుమానమూ రాలేదు.

హమ్మయ్య అనుకున్నాక నాకో బెంగ పట్టుకుంది. చచ్చి లేచిన మనిషికి భుక్తి ఎలా? చేతిలో ఉన్న విద్య వంట. కాబట్టి ఆ ఏడాదే ఆమెను తెలంగాణలో ఓ సర్కారు బడికి పంపామనుకుందాం, మధ్యాహ్న భోజనం వండటానికి.

హెడ్మాస్టరు గారు గేటు దాకా ఎదురొచ్చి దండం పెట్టారు. సీరియల్ వచ్చే ఏడున్నరకు ఆయన ఇంట్లోనూ వేరే చానల్ పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. కుర్చీ తుడిచి కూర్చోబెట్టి, నీళ్లు నమిలారు.

"నెలకు వెయ్యి రూపాయలమ్మా. 600 కేంద్రానిది, 400 రాష్ట్రానిది. ఏడాదికి పది నెలలే ఇస్తారు. 2009 డిసెంబరు నుంచి అదే రేటు."

దీప ఏమీ అనలేదు. కెమెరా ఆమె ముఖం మీదికి మూడుసార్లు వచ్చింది. ఉరుము ఉరిమింది. హెడ్మాస్టరు లేచి వెళ్లి కిటికీ మూశారు.

"సరుకులు ఎవరిస్తారు సార్?"

"బియ్యం ప్రభుత్వానిది. పప్పు, కూరగాయలు, నూనె, పోపు, గ్యాసు కలిపి ప్రైమరీ పిల్లాడికి పూటకు 4 రూపాయల 97 పైసలు. ముందు మీరు తెచ్చి వండాలి, బిల్లు తర్వాతొస్తుంది."

"ఎప్పుడొస్తుంది?"

"ఆ ఎపిసోడ్ ఇంకా రాయలేదమ్మా."

మళ్లీ ఉరుము.

మొత్తానికి చేరింది. బడి వెనక చెట్టు కింద మూడు రాళ్ల పొయ్యి, వర్షమొస్తే తాటిపత్రి పట్టా. మొదటి నెల కిరాణా కొట్టాయన వంటలక్క అని మురిసిపోయి ఉద్దెర ఇచ్చాడు, సెల్ఫీ కూడా దిగాడు. మూడో నెలకు ఆయనకు డైలాగులొచ్చాయి. అయిదో నెలలో దీప పుస్తెలతాడు కుదువపెట్టింది. సీరియల్లో విలన్ మోనిత ఇన్నేళ్లు కుట్రలు పన్ని తెంచలేకపోయిన తాళి, కందిపప్పు బాకీ కింద పోయింది. కొడుకు డాక్టర్ బాబునే కడిగేసే అత్తగారు సౌందర్య కూడా ట్రెజరీ ముందు ఏం చేయగలరు?

ఈ ఎపిసోడ్ ప్రసారమైతే జనం ఊరుకుంటారా? 2020లో, ఐపీఎల్ మ్యాచ్ సరిగ్గా ఏడున్నరకే మొదలవుతుంటే తమ ఇంట్లో సీరియల్ గొడవవుతోందని ఒక కుర్రాడు మొరపెట్టుకుంటే, చానల్ వారు వాళ్లింటికి ఏకంగా కొత్త టీవీ పంపారు. మన మొరకు అంత పలుకుబడి ఉంది. వంటలక్క పుస్తెలు పోయాయంటే తెల్లారేసరికి బిల్లులు పాసవుతాయి. అవ్వకపోతే రోడ్లు బందు.

కానీ ఆ పుస్తెలు అప్పటికే కుదువలో ఉన్నాయి. దీపవి కావు, తెలంగాణ బడుల్లో వండుతున్న ఆడవాళ్లవి. అలాంటివాళ్లు అప్పట్లో 54 వేల మంది దాకా ఉండేవారు. వంద మంది పిల్లల బడికి ఇద్దరు. బియ్యం ఏరి, వండి, వడ్డించి, గిన్నెలు తోమి, ఉద్దెర కోసం కొట్టువాడి చేత మాటలు పడి ఇంటికెళ్తారు. వీళ్ల వెయ్యిని 3 వేలు చేస్తామని అప్పటి ముఖ్యమంత్రి అసెంబ్లీలో చెప్పింది కూడా 2022 మార్చిలోనే, సీరియల్లో దీప పోయిన నెలలోనే. దీప తిరిగొచ్చింది. పెంచుతామన్న 2 వేలు మాత్రం అప్పటికి రాలేదు. అడగడానికి కలెక్టరేటు ముందు కూర్చుంటే పోలీసు వ్యాను వచ్చేది, బస్సులోంచి మనం ట్రాఫిక్ ఆగిందని విసుక్కునేవాళ్లం.

అప్పటి నెలకు వెయ్యి అంటే రోజుకు 33 రూపాయలు. మన పిల్లలకు అన్నం వండే మనిషికి అది ఇచ్చి, ఆమె అప్పుతోనే పప్పు కొనిపించి, బిల్లు నెలల తరబడి తొక్కిపెట్టడం దొంగతనం. మోనితను అయిదేళ్లు నోరారా తిట్టాం కదా, ఆ సర్కారును తిట్టడానికి మనకేం రోగం?