మధ్యలో ఏం చేశారు?

తాతగారి పొలానికి లింకు డాక్యుమెంటు లేకపోయినా మన ఊళ్లలో ఎవరో ఒకరు సర్దుబాటు చేసిపెడతారు. రెజ్యూమెలో రెండు ఉద్యోగాల మధ్య ఏడాదికి లింకు దొరక్కపోతే మాత్రం కాపాడే నాథుడు లేడు.

"2021 జూన్ నుంచి 2022 ఆగస్టు దాకా ఏం చేశారండీ?" అని మాదాపూర్ అద్దాల మేడలో హెచ్ఆర్ అమ్మాయి అడిగే తీరుకి, ఆ పద్నాలుగు నెలలూ ఎవరింటికి కన్నం వేశామా అని మనకే అనుమానం వస్తుంది. నాన్నకి పక్షవాతం వస్తే చూసుకున్నానంటే "అయ్యో" అంటుంది. అంటూనే, మళ్లీ వస్తే మళ్లీ సెలవు పెడతాడన్నమాట అని లెక్కేసుకుంటుంది. తీసేశారంటే చేతకానివాడు. నేనే మానేశానంటే నిలకడ లేనివాడు. పొరపాటున కూడా ఊరికే ఉన్నానని అనకండి. అలా ఉండే హక్కు ఈ దేశంలో తాతలు సంపాదించిపెట్టినవాళ్లకే ఉంది.

తమాషా ఏమిటంటే, అదే కంపెనీ ప్రకటనలో "ఇమ్మీడియట్ జాయినర్లకు ప్రాధాన్యం" అని ఉంటుంది. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో నోటీస్ పీరియడ్ 90 రోజులు. ఇక సోమవారమే వచ్చి చేరగలిగేవాడు ఎవడయ్యా అంటే, ఇంట్లో ఖాళీగా ఉన్నవాడే. వాళ్లకి వాడే కావాలి. కాకపోతే వాడు ఖాళీగా ఉండకూడదు.

ఈ జబ్బుకి అమీర్‌పేటలో నాటు మందు దొరికేది. డబ్బు కడితే మూడేళ్ల అనుభవం, దానికి పేస్లిప్పులు, ఫోన్ చేస్తే "అవునండీ, మా దగ్గరే చేశాడు, బంగారంలాంటి కుర్రాడు" అనే మేనేజరు, అన్నీ కలిపి ప్యాకేజీ. 2014లో పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌వో ఉద్యోగులకు యూఏఎన్ అనే 12 అంకెల నంబరు తెచ్చి ఆ వైద్యానికి గండి కొట్టింది. ఎప్పుడు చేరాం, ఎప్పుడు మానేశాం అన్నీ తేదీలతో సహా అక్కడే ఉంటాయి. బంగారంలాంటి కుర్రాడికి పీఎఫ్ ఎందుకు కట్టలేదని అడిగితే ఆ మేనేజరు ఫోనెత్తడు.

ఆడవాళ్ల సంగతి మరీ విచిత్రం. 2017లో చట్టం సవరించి ప్రసూతి సెలవు 26 వారాలకు పెంచారు. 27వ వారం నుంచి బిడ్డ తన పని తానే చూసుకుంటుందని కాబోలు. నాలుగేళ్ల తర్వాత తిరిగి ఉద్యోగానికి వస్తే "ఇప్పుడు పిల్లల్ని ఎవరు చూస్తారు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న పిల్లల తండ్రికి ఏ ఇంటర్వ్యూలోనూ పడదు. కెరీర్ కోచ్‌లు దీనికో ఉపాయం చెబుతారు. అత్తగారి బీపీ మాత్రలూ, చంటాడి టీకాలూ, రాని పనిమనిషీ కలిపి "మల్టీ స్టేక్‌హోల్డర్ మేనేజ్‌మెంట్" అని రాసుకోవాలట. చేసిన పని అదే కదా, కాదనలేం.

ఎన్ని చెప్పుకున్నా, గ్యాపుల్లో మకుటం లేని మహారాజు అశోక్‌నగర్ గ్రూప్-1 అభ్యర్థే. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ పడింది. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశాడు. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ రాశాడు. బయోమెట్రిక్ తీసుకోలేదని సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో ఏకంగా పాత నోటిఫికేషన్‌నే ఎత్తేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. ముచ్చటగా మూడోసారి ప్రిలిమ్స్, ఆ తర్వాత మెయిన్స్, ఆ తర్వాత మళ్లీ కోర్టు. ఈ లోపల చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ అరిగింది, ఊళ్లో అప్పు పెరిగింది. ఇక చాల్లే అని ప్రైవేటు ఉద్యోగానికి వెళితే మళ్లీ అదే ప్రశ్న.

"అంటే ఫెయిలయ్యారా?"

"నేను కాదండీ, పరీక్షే ఫెయిలైంది. రెండుసార్లు."

ఆ మాటకొస్తే, 2014 జూన్‌లో ఏర్పడ్డ తెలంగాణ రాష్ట్రం తన తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ ఇచ్చింది 2022లో. దాదాపు ఎనిమిదేళ్లు. మధ్యలో ఏం చేశారని సర్కారును కూర్చోబెట్టి అడిగిన హెచ్ఆర్ లేదు. ఓటరు అడిగాడంటారా, అతనికి అయిదేళ్లకోసారే ఇంటర్వ్యూ.

కంపెనీలు తక్కువ తిన్నాయా! 2022లో ఇంజినీరింగ్ ముగించిన కుర్రాళ్లలో కొందరికి చేతిలో ఆఫర్ లెటర్ పెట్టి, జాయినింగ్ తేదీ మాత్రం ఏడాది దాటినా ఇవ్వలేదు. ఇవాళ రేపు అంటూ మెయిల్ చూసుకుంటూ కూర్చున్న పాపానికి, ఇంకో కంపెనీలో "చదువయ్యాక ఇంత గ్యాప్ ఎందుకొచ్చింది?" అన్నారనుకోండి. "మీలాంటి కంపెనీయే మెయిల్ చేస్తాం, ఉండమందండీ" అని వాడు ఉన్నమాట చెబుతాడు. హెచ్ఆర్ అమ్మాయి తన ల్యాప్‌టాప్‌లో "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అని కొట్టుకుని, చిరునవ్వుతో లేస్తుంది.

"థాంక్యూ. రిజల్ట్ మేమే మెయిల్ చేస్తాం, వెయిట్ చేయండి."