ఎడమ కాలి పారాణి

మా అమ్మాయి హైదరాబాదు కామిక్ కాన్‌కి వేషం కట్టుకుని వెళ్లొచ్చింది. కాస్‌ప్లే అంటారు. సినిమాల్లోంచో బొమ్మల కథల్లోంచో నచ్చిన పాత్రలాగా తయారై రోజంతా తిరుగుతారు. "డ్రెస్సు కుట్టించుకోవడం తేలికే నాన్నా. పొద్దస్తమానం ఆ పాత్రగానే ఉండటం కష్టం. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఠక్కున పలికేస్తాం" అంది. నాకు 1972లో మా ఊరొచ్చిన పగటివేషగాడు గుర్తొచ్చాడు.

మాది విడవలూరు దాటి సముద్రం వైపు పల్లె. రాత్రిళ్లు అలల హోరు మంచం దాకా వినపడేది. ఆ ఏడు మొలగొలుకులు కోసి నూర్చాక ముగ్గురొచ్చారు. హార్మోనియం ఒకరు, మద్దెల ఒకరు, వేషం ఒకరు. అయిదు రోజులు అయిదు వేషాలు. ఏ రోజుకారోజు డబ్బడగరు. ఆరో రోజు మామూలు మనిషిగా వచ్చి సంభావన పుచ్చుకుంటారు.

సోమయాజులు, ఫకీరు, కోయదొర, బుడబుక్కల అయ్యాయి. పొద్దున మొహానికి అర్దళం పూసుకున్నది మొదలు సాయంత్రం చెరువులో కడుక్కునేదాకా ఆ మనిషి వేరు. బుడబుక్కల నాడు మా దొడ్డి దగ్గర అరికాల్లో తుమ్మముల్లు దిగింది. కేక కూడా బుడబుక్కలవాడి కేకే పెట్టాడు. ముల్లు పీకి పారేసి, ఆ యాసలోనే మా ఎద్దుల్ని దీవించి పోయాడు.

అయిదో రోజు అర్ధనారీశ్వరుడు. కుడివైపు విబూది, సగం మీసం. ఎడమవైపు పసుపు, ముక్కుపుడక, చీర, పాదానికి పారాణి. మొహం నడిమికి తెర పట్టుకుని ఇటు తిరిగితే అయ్యవారి గొంతు, అటు తిరిగితే అమ్మవారి గొంతు. రెప్పపాటులో మారేది. ఒక్క గొంతులో ఇద్దరెట్టా కాపురం చేశారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మా అవ్వ రామతీర్థం రామలింగేశ్వరుడి భక్తురాలు. ఆయన్ని అరుగు మీద పీటేసి కూచోబెట్టింది. ఆ ఎడమ పాదాన్ని కళ్లకద్దుకుంది.

మా అవ్వకి వేషం విలువ తెలీదనుకోవద్దు. తిక్కన గారు భారతం అందుకున్నది విరాటపర్వం నుంచి కదా, మా నెల్లూరోళ్లకి అది ఇంటి కథ. వాన పడకపోతే ఊళ్లో చదివించేవాళ్లు. కంకుభట్టుగా ఉన్న ధర్మరాజుని విరాటుడు పాచికతో కొట్టే చోటు వస్తే అవ్వ కళ్లు ధారలు కట్టేవి. "నెత్తురు కారతన్నా నేను ఫలానా అని చెప్పుకున్నాడంట్రా?" అని కొంగుతో కళ్లొత్తుకునేది.

ఆరో రోజు పొద్దున్నే మాసిన పంచె, చిరుగుల బనీను, బక్కపల్చని మనిషి వాకిట్లో నిలబడ్డాడు. తోటివాళ్లిద్దరూ పై ఊరికి ముందే కదిలారు.

"వేషాలోణ్ణి తల్లీ. సంభావన కొచ్చా."

అవ్వ ఎగాదిగా చూసింది. "నువ్వా? నిన్న మా అరుగు మీద కూచున్న సామి మొహం నాకు తెలవదా? ఆయన పడ్డ కష్టానికి నువ్వు చెయ్యి చాపతావా? గడప తొక్కావంటే మర్యాదగా ఉండదు, పో."

ఆయన ఎడమ పాదం అంచున పారాణి ఇంకా పోలేదు. ఎర్రగా కనపడతానే ఉంది. "అవ్వా, కాలు చూడు" అనేలోపు తలుపేసేసింది.

చెరువు కట్ట దాకా వెంట పరిగెత్తాను. "అమ్మవారి గొంతు ఒక్కసారి వినిపియ్యి. మా అవ్వ నమ్ముద్ది" అన్నాను. ఆయన రేకుపెట్టె దించి, "రంగు లేకుండా ఆ గొంతు తియ్యగూడదబ్బయా" అన్నాడు.

మిట్టమధ్యాన్నం మా వాకిట్లోకి అర్ధనారీశ్వరుడొచ్చాడు. హార్మోనియం లేదు, మద్దెల లేదు. కాళ్ల కింద ఇసక కాలిపోతా ఉంది. అవ్వ గబగబా అరుగు దిగింది. రెండు తూముల వడ్లు కొలిపించింది. చీర పెట్టింది, కొబ్బరికాయ పెట్టింది. వంగి ఆ ఎడమ పాదాన్నే మళ్లీ కళ్లకద్దుకుంది.

"పొద్దున ఎవడో నువ్వేనని చెప్పి సంభావన కొచ్చాడు సామీ. గడప తొక్కనియ్యలా" అంది.

తెర అమ్మవారి వైపు తిరిగింది. కాటుక కన్ను రెప్ప వెయ్యలేదు.

"మంచి పని చేశావు తల్లీ" అంది అమ్మవారి గొంతు.