అందరూ శ్రీవైష్ణవులే

బీఎల్ (బాయ్స్ లవ్) మాంగా చదివేవాళ్ళని మంచిదొకటి చెప్పమని అడిగి చూడండి. పేరు కంటే ముందు పూచీకత్తు వస్తుంది: "ఇది మామూలు బీఎల్ కాదు." ఇద్దరు మగపిల్లలు ప్రేమించుకునే కథేగా అంటారా, "అబ్బే, ప్రేమ ఊరికే పైపైన. అసలు కథంతా ఒంటరితనం గురించి" అంటారు. పక్కాయన్ని అడగండి. ఆయన చదివేదీ మామూలుది కాదు. ఆయన మరదలిదీ కాదు. మరి జపానులో బీఎల్ కోసమే నెలనెలా పత్రికలు అచ్చవుతున్నాయి. కొరియాలో లెజిన్ లాంటి సైట్లు ఎపిసోడుకి ఇన్ని కాయిన్లని వసూలు చేస్తున్నాయి. ఆ మామూలు సరుకంతా కొంటున్నదెవరు? అందరూ శ్రీవైష్ణవులే, రొయ్యల బుట్ట మాయం.

ఇలాంటి సిఫారసుల జాబితాల్లో పైవరసన తరచూ రెండు పుస్తకాలు కూర్చుంటాయి. ఒకటి యోషినాగా ఫుమి 2007 నుంచి గీస్తున్న 'కినో నాని తబెతా?'. షిరో అనే లాయరు ఠంచనుగా ఆఫీసులోంచి బయటపడి, సూపర్‌మార్కెట్లో ఏది చవగ్గా ఉందో వెతికి, ఇంటికెళ్ళి వండి, సెలూన్‌లో పనిచేసే కెంజికి వడ్డిస్తాడు. పేజీలకు పేజీలు కూరలు ఉడుకుతూనే ఉంటాయి. గొప్ప పుస్తకం, కాదనను. కానీ బీఎల్ ఆడవాళ్ళ కోసం గీసేది, ఇదేమో వచ్చేది 'మార్నింగ్' అనే మగవాళ్ళ వారపత్రికలో. రెండోది తగామె గెంగొరో 'ఒతోతో నో ఒత్తో'. చనిపోయిన కవల తమ్ముడి భర్త కెనడా నుంచి ఇంటికొస్తే యాయిచి అనే అతను పడే ఇబ్బంది అది. అదీ మగవాళ్ళ పత్రికలోదే. బీఎల్‌లో మేలైనవి చెప్పమంటే బీఎల్ కానివి రెండు ఏరి పెట్టారన్నమాట. పూచీకత్తు ఇక్కడ మాత్రం అక్షరాలా నిజం.

ఆ తర్వాత పెద్దల మీది గౌరవం కొద్దీ ఓ పాత పుస్తకం: తకెమియా కెయికో 'కాజె తొ కి నో ఉత'. "ఎంత సున్నితమైన కథో!" అని రాస్తారు. రాసినవాళ్ళు అట్ట తిప్పారా అని నా అనుమానం. 1976లో అమ్మాయిల పత్రికలో మొదలైన ఆ కథ, పక్కమీద ఉన్న ఇద్దరు అబ్బాయిలతో తెరుచుకుంటుంది. దాన్ని అచ్చులో చూసుకోవడానికి తకెమియా ఏళ్ళ తరబడి సంపాదకులతో పెనుగులాడింది. లోపలికెళితే, ఆ అబ్బాయిల్లో ఒకడైన జిల్బేర్ బతుకు చిన్నప్పుడే పాడుచేసింది సొంతింటి మనిషే. ఆవిడ దేనికోసం పోరాడిందో దాన్నే తుడిచేసి, పుస్తకానికి దండ వేస్తున్నారు.

'కిల్లింగ్ స్టాకింగ్' దగ్గరికొచ్చేసరికి గొంతు సన్నబడుతుంది: "కొంచెం డార్క్." కూగి గీసిన ఈ కొరియా వెబ్‌టూన్‌లో యూన్ బమ్ అనేవాడు, తాను వెంటపడుతున్న ఓ సాంగ్‌వూ అనేవాడి ఇంట్లోకి దొంగచాటుగా దూరతాడు. కింద నేలమాళిగలో కట్టిపడేసిన అమ్మాయి కనబడుతుంది. ఇంతలో ఇంటాయన, అంటే హంతకుడు సాంగ్‌వూ, వచ్చి వీడి కాళ్ళు విరగ్గొడతాడు. కొంచెమట! ఆ ఇద్దరికీ చుట్టూ గుండె గుర్తులేసి చూడముచ్చటైన జంటని చేసినవాళ్ళూ ఉన్నారు. హంతకుడి కథని హంతకుడి కథగా చదవడానికి నామోషీ ఏమిటో.

అన్నిటికంటే భారీ పూచీకత్తు ఇంకోటుంది: ఇవి చదివితే సమాజం మారుతుందట. 1992లో జపానులోనే సాతో మసాకి అనే గే కార్యకర్త ఓ చిన్న స్త్రీవాద పత్రికలో ఈ కథల్ని కడిగేశాడు. మీ బొమ్మలకీ మా బతుకులకీ పొంతన లేదు, మమ్మల్ని వినోదం చేసుకుంటున్నారన్నది ఆయన ఫిర్యాదు. ఇవి మీ గురించి కాదు, మా ఆడవాళ్ళ ఊహలు, మా కోసం గీసుకున్నవి అని కొందరు బదులిచ్చారు. వాదన ఏళ్ళు సాగింది. ఆ జవాబు ఒప్పుకోండి, మానండి, అందులో నాటకం లేదు. ఇక మన దేశంలో 2023 అక్టోబర్ 17న స్వలింగ వివాహాలకి గుర్తింపు ఇవ్వలేమని సుప్రీంకోర్టు చెప్పేసింది. ఆ కేసులో ముందు నిలిచింది హైదరాబాదు జంట. దొంగ సైటులో ఊరికే చదివిన వెబ్‌టూన్‌ని సమాజసేవ ఖాతాలో రాసుకునేవాళ్ళు, అది ఆ జంటకి ఏ వాయిదాలో పనికొచ్చిందో కూడా రాస్తే బాగుండు.

నా సిఫారసు నేనూ చేస్తాను, పూచీ లేకుండా. నకమురా షుంగికు 'జుంజో రొమాంతికా', 2002 నాటిది. మామూలు బీఎల్. బారెడు పొడుగున్న డబ్బుగల రచయిత ఉసామి, ఆయన దగ్గర ప్రవేశ పరీక్షకి పాఠాలు చెప్పించుకునే మిసాకి. గడ్డాలు కోసుగా, అరచేతులు మొహమంత. మిసాకి వద్దంటున్నా ఉసామి మొదట్లోనే మీద పడతాడు. నచ్చకపోతే అక్కడే మూసేయండి, ముందే చెప్పాను. ఆపైన అలుగుతారు, అనుమానపడతారు, వాటేసుకుంటారు, మళ్ళీ అలుగుతారు. ఈ ఉసామి బహుమతులు కొట్టిన నవలాకారుడు, పుస్తకాల మీద సొంత పేరే వేసుకుంటాడు. బీఎల్ కూడా రాస్తాడు. దానికి మాత్రం మారుపేరు.