సత్ప్రవర్తన పత్రం: ఒరిజినల్ ఒకటి, జిరాక్సులు మూడు

ఎర్రమంజిల్‌లో జలసౌధ, పౌరసరఫరాల భవన్ చుట్టుపక్కల జిరాక్సు షాపులవాళ్లు చూడని సర్టిఫికెట్ ఉండదు. కులం, ఆదాయం, నివాసం, ఆఖరికి బతికే ఉన్నానని పింఛనుదారు తెచ్చుకునే కాగితం కూడా. వాళ్లు సైతం నోరెళ్లబెట్టే సరుకొకటి 2012లో మన సర్కారు కనిపెట్టింది. మక్కా మసీదు పేలుడు తర్వాత పోలీసులు పట్టుకెళ్లగా నిర్దోషులుగా బయటపడ్డ ముస్లిం కుర్రాళ్లకు సత్ప్రవర్తన పత్రం! దొంగ అన్నవాడే, కాదులే అని సంతకం పెట్టి ఇవ్వడమన్నమాట.

ఆ పత్రం పట్టుకుని పంజగుట్ట సందుల్లో అద్దెకు గది అడిగి చూడండి. ఓనరుగారు కళ్లద్దాలు సవరించుకుని శ్రద్ధగా చదువుతారు. చదివాక అడుగుతారు: "ఏమీ చెయ్యకపోతే ఇది మీకెందుకిచ్చారు బాబూ?"

2007 మే 18, శుక్రవారం నమాజు. బాంబుకు తొమ్మిదిమంది, ఆ తర్వాత పోలీసు తూటాలకు అయిదుగురు పోయారు. చచ్చింది ముస్లింలు కాబట్టి చంపిందీ వాళ్లే అయ్యుంటారన్న మహత్తర తర్కంతో వేట మొదలైంది. మైనారిటీల కమిషన్ తరఫున న్యాయవాది రవిచందర్ చర్లపల్లి జైలుకెళ్లి, అలా పట్టుబడ్డ కుర్రాళ్ల ఒంటిమీది గాయాలను నివేదికకెక్కించారు. గాయాలకు మాత్రం ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు.

2010 డిసెంబరులో, ఇదే పేలుడు కేసులో నిందితుడైన స్వామి అసీమానంద మేజిస్ట్రేటు ముందు నేరం ఒప్పుకుంటూ, చంచల్‌గూడ జైల్లో తనకు అన్నం, నీళ్లు తెచ్చిపెట్టిన ముస్లిం కుర్రాడి మంచితనమే తన మనసు మార్చిందన్నారు. తర్వాత ఆ వాంగ్మూలం వెనక్కి తీసుకున్నారు. 2018 ఏప్రిల్ 16న నాంపల్లి కోర్టు ఆయన్నీ, మరో నలుగురినీ వదిలేసింది. అది వేరే ముచ్చట. మన నాయకులు ఏటా టోపీ పెట్టి, ఖర్జూరం కొరికి, ఫొటో దిగి సాధించలేని మతసామరస్యం జైలు బువ్వతో, కొన్నాళ్లయినా సరే, కుదిరింది కదా! ఇకమీదట ఇఫ్తార్ విందులు చంచల్‌గూడలోనే పెడితే ఖర్చూ తగ్గుతుంది, అతిథులను పోలీసులే తీసుకొస్తారు.

పత్రంతోపాటు పరిహారమూ ఇచ్చారు. కేసు కొట్టేసిన ఇరవైమందికి తలా 3 లక్షలు, ఊరికే పట్టుకెళ్లి వదిలేసిన యాభైమందికి తలా 20 వేలు. మొత్తం 70 లక్షలు. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసి, డబ్బు తిరిగి రాబట్టమంది. నిర్దోషిగా విడుదలైనంత మాత్రాన పరిహారం హక్కు కాదట.

వసూలుకు వెళ్లే గుమాస్తాగారికి నాదో సలహా. చలానాలో ఏ పద్దు కింద రాయాలా అని జుట్టు పీక్కోకండి. "జైల్లో ఉన్నందుకు అద్దె" అని రాసేయండి, ఆడిటు అభ్యంతరం రాదు.