శాకాహార యాచనా సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం

‘నో మీట్, నో ఫిష్, ఓన్లీ వెజ్.’

అవతారిక

బ్యాంకాక్‌లో వీధి పక్క పొయ్యి ముందు నిలిచిన తెలుగు శాకాహారి, తనకు థాయి భాష, వంటవానికి తెలుగు రానందున, ఇద్దరిదీ కాని ఇంగ్లీషును ఆశ్రయించి పలికే వాక్యమిది.

ప్రతిపదార్థం

నో మీట్ = మాంసం వలదు; నో ఫిష్ = చేప వలదు; ఓన్లీ = మాత్రమే; వెజ్ = కూరగాయలు; (వండి పెట్టవలెను) అని అధ్యాహారం. వాక్యంలో లేకున్నా అర్థం పూర్తికావడానికి బయటి నుంచి తెచ్చుకొనే మాటను అధ్యాహారం అంటారు. ఇక్కడ క్రియాపదమే లోపించింది గనుక, ఐదు వేళ్లూ కలిపి నోటి దగ్గరకు తీసుకుపోయే అభినయంతో యాత్రికుడు ఆ లోటు పూరిస్తాడు.

పాఠాంతరం

‘నో నాన్‌వెజ్’ అని కొందరి పాఠం. నాన్‌వెజ్ అనే మాట భారతీయుల ఇంగ్లీషులో తప్ప బయట అంతగా చెల్లదు గనుకనూ, రెండు నిషేధాలు పక్కపక్కన చేరి వంటవాణ్ణి మరింత తికమక పెడతాయి గనుకనూ ఈ పాఠం గ్రాహ్యం కాదు.

విశేషాలు

నిషేధం రెండు విధాలు. ఒకదాన్ని బొత్తిగా వద్దనడం ప్రసజ్య ప్రతిషేధం. ఒకదాన్ని కాదని, దానికి దగ్గరిదైన మరొకదాన్ని సూచించడం పర్యుదాసం. యాత్రికుడు మొదటి అర్థంలో పలికిన ‘నో మీట్’ను వంటవాడు రెండో అర్థంలో గ్రహించి, మాంసం వద్దన్న అతిథికి రొయ్యలు ఇష్టమై ఉంటాయని నిశ్చయించుకోవడంలో శాస్త్రవిరోధం ఏమీ లేదు.

ఈ వాక్యంతో పాటు తల పక్కలకు ఊగుతుంది. నందికేశ్వరుని అభినయదర్పణం చెప్పిన తొమ్మిది శిరోభేదాలలో, వింజామర వలె తల ఇటూ అటూ కదిలే పరివాహితం సంతోషానికీ ఆమోదానికీ చెల్లుతుంది. తలను అడ్డంగా తిప్పే ధుతం కాదనడానికి చెల్లుతుంది. ఈ భేదం ఎరుగని చోట యాత్రికుని ఆమోదం తిరస్కారంగా కనబడవచ్చు. అటు నుంచి వచ్చే ‘ఖ్రప్’ (పురుషుడు పలికేది), ‘ఖా’ (స్త్రీ పలికేది) అనే వినయసూచకాలు చాలాసార్లు ‘విన్నాను’ అనే పాటి అర్థాన్నే ఇస్తాయి గనుక, వాటిని అంగీకార పత్రంగా భావించరాదు.

గొంతు పెంచి మళ్లీ చెబితే బోధపడుతుందని పూర్వపక్షం. ధ్వని పెరిగినంత మాత్రాన వ్యంగ్యార్థం స్ఫురించదని సమాధానం.

అసలు చిక్కు ‘ఫిష్’ వద్ద ఉన్నది. చిన్న చేపలను ఉప్పుతో నెలల తరబడి ఊరబెట్టి తీసే ‘నామ్ ప్లా’ అనే ద్రవం థాయి వంటకు ప్రాణం. తాలింపులో ఆవాలను తెలుగువారు కూరగాయల లెక్కలో చేర్చనట్టే, ఆ వంటవాడు దాన్ని చేపల లెక్కలో చేర్చడు. కనుక చేప వేయలేదని అతడు చెప్పినది అతని లెక్కలో సత్యమే. గుడ్డు సంగతీ ఇటువంటిదే. భారతదేశపు పొట్లాల మీది ఆకుపచ్చ చుక్క గుడ్డును ముందే వెలివేసింది గనుక, దానిని వేరుగా నిషేధించాలన్న ఊహ సూత్రకర్తకు కలగలేదు; ఆ మౌనాన్ని వంటవాడు అనుమతిగా గ్రహించి, అన్నంపై గుడ్డు పొరటి వేస్తాడు.

తాత్పర్యం

వద్దన్నవాటి జాబితా ఎంత పెంచినా, వినేవాడు వస్తువులను విభజించుకొన్న తీరు వేరుగా ఉన్నప్పుడు అది పూర్తికాదు; కాబట్టి తన విభజనను అతనికి బోధించడం కన్న అతని విభజనలో తనకు సరిపడే గడిని వెతుక్కోవడం మేలు. థాయిలాండ్‌లో అటువంటి గడులు రెండున్నాయి. ‘మంగ్సవిరట్’ అనేది సంస్కృత మాంసవిరతి శబ్దమే గనుక తెలుగువానికి చుట్టంలా తోస్తుంది గాని, అందులో సాధారణంగా గుడ్డుకు ప్రవేశం ఉన్నది. రెండోది చైనా సంప్రదాయం నుంచి వచ్చిన ‘జే’. చైనా చాంద్రమానంలో తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులు జరిగే ఉత్సవంలో అనేకులు పాటించే ఈ నియమాన్ని, పసుపు జెండా మీది ఎర్ర అక్షరాన్ని చూసి గుర్తించవచ్చు. ఆ జెండాను వేలితో చూపితే వ్యాకరణం అక్కరలేదు; మాంసం, చేప, నామ్ ప్లా, గుడ్డు ఒక్కసారిగా తొలగుతాయి.

అయితే జే నియమంలో వెల్లుల్లి, ఉల్లి, పాలు, పెరుగు కూడా నిషిద్ధాలే. ఒకరి శాస్త్రాన్ని శరణు కోరినవాడు అందులో తనకు నచ్చిన సూత్రాలనే పాటిస్తాననడం చెల్లదు గనుక, యాత్రికుడు ఆ పూటకు పెరుగన్నం లేకుండానే భోజనం ముగించవలెనని సిద్ధాంతం.