ఇంకో ఆర్నెల్లు చూద్దాం

మా పెద్ద మావయ్య ఎవరింటికి వెళ్లినా ముందు పెరట్లోకి వెళతాడు. వాళ్లు కుర్చీ వేసి, మంచినీళ్లు తెచ్చేలోపు మనిషి మాయం. వెతికితే దొడ్లో, పంచె మడిచి గొంతుక్కూర్చుని వాళ్ల కోళ్లని చూస్తుంటాడు. మా చెల్లెలి పెళ్లి సంబంధానికి వెళ్లినప్పుడూ అంతే. తిరిగొస్తూ కార్లో మేమంతా అబ్బాయి ఉద్యోగం గురించీ, కొబ్బరితోట గురించీ మాట్లాడుకుంటుంటే "ఈ సంబంధం మనకొద్దు" అన్నాడు. ఏమైందని అడిగితే, "ఆళ్ల పుంజుని చూశారా? ఛాతీ ఎముక వంకర. దాన్ని ఏరి పక్కన పెట్టకుండా మూడేళ్ల నుంచీ పెట్టల్లో వదిలేస్తున్నారు. అలాంటోళ్లు పిల్లాణ్ని ఏం పెంచుతారు?" అన్నాడు. ఆ సంబంధమే ఖాయమైంది. చెల్లెలు సుఖంగా ఉంది. పుంజు కూడా సుఖంగానే ఉందని వినికిడి.

గోదావరి జిల్లాల్లో ఊరికొకరు చొప్పున ఇలాంటి మనుషులుంటారు. రిటైరైన మేష్టారో, పొలం కౌలుకిచ్చేసి చేతులు ఖాళీ అయిన రైతో, మావయ్యలా సహకార సొసైటీలో లెక్కలు రాసి బయటపడ్డ గుమాస్తానో. వీళ్లని చూసి పందెంరాయుళ్లనుకుంటే పొరపాటు. పందెంరాయుడికి కోడి ఒక పేకముక్క. వీళ్లకి జాతి ముఖ్యం. మావయ్య ముందు పందెం మాటెత్తితే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం గురించి పావుగంట చెబుతాడు. సంక్రాంతి మూడు రోజులూ మాత్రం ఇంట్లో దొరకడు. కనుమనాడు చీకటిపడ్డాక దుమ్ముకొట్టుకుపోయి వస్తాడు. "జాతి ఎలా ఉందో చూడ్డానికెళ్లాను" అంటాడు.

జాతి అంటే అసీల్. అరబ్బీలో ఆ మాటకి అసలైనది, మేలు పుట్టుక కలది అని అర్థం. మనం రోజుకి వందసార్లు వాడే 'అసలు' కూడా ఆ కుదురులోంచి వచ్చిందే. అందుకే కాబోలు మావయ్య ప్రతి వాక్యమూ "అసలు..." అనే మొదలెడతాడు.

ఎంత వెక్కిరించేవాడైనా, ఆయన కోడిని పట్టుకునే తీరు చూస్తే నోరు మూసుకుంటాడు. తరమడు, అదిలించడు. గుప్పెడు చోళ్లు చల్లి, అది మెడ వంచగానే ఎడంచెయ్యి వీపు మీద ఆనిస్తాడు. కుడి అరచెయ్యి ఛాతీ కిందికి పోతుంది, రెండు కాళ్లూ వేళ్ల సందుల్లో సర్దుకుంటాయి. కోడి కిక్కురుమనదు. ఒళ్లోకి తీసుకుని కళ్లు మూసుకుంటాడు. బొటనవేలు ఛాతీ ఎముక వెంట కడుపుదాకా నెమ్మదిగా జారుతుంది. పడవ అడుగులా తిన్నగా ఉండాలి, ఎక్కడా సొట్ట తగలకూడదు. పెట్ట అయితే తోక కింద ఉన్న రెండు ఎముకల మధ్య రెండు వేళ్లు పట్టాలి. పట్టాయా, గుడ్లు పెడుతోంది. ఒక్క వేలితోనే ఆగిపోయిందా, ఇంకా రాలేదనో మానేసిందనో లెక్క. అప్పుడు కళ్లు తెరిచి దాని కంట్లోకి చూస్తాడు. పిల్లతనంలో మసకగా ఉన్న కన్ను ముదిరేకొద్దీ తెల్లబడి ముత్యంలా తేలాలి. నెత్తిమీద జుట్టు రంపంలా నిలబడకూడదు. చిన్న ముద్దలా, మూడు వరసల బుడిపెలతో నెత్తికి అంటుకుపోవాలి. గడ్డం కింద ఎర్రగా వేలాడేవి ఉన్నాయా లేవా అన్నట్టుండాలి. ఛాతీ మధ్య ఈక పల్చబడి చర్మం ఎర్రగా కనపడాలి. అంతా అయ్యాక కోడిని కిందికి దించి "ఊఁ" అంటాడు.

ఆ ఊఁలు నాలుగు రకాలు. పొట్టిగా తెగితే, ఉంచొచ్చని. సాగితే, చాలా బాగుంది గానీ పైకి అనకూడదని. అంటే ఎవడో ఒకడు అడుగుతాడు. చివర పైకి లేస్తే అనుమానం. చిన్న దగ్గుతో కలిసి వస్తే, తను పొరపడ్డాడని. ఈ నాలుగోది ముప్ఫయ్యేళ్లలో రెండుసార్లే విన్నానని మా అత్తయ్య చెబుతుంది. మిగతా మూడింటికీ తేడా పట్టగలిగేది కూడా ఆవిడే.

ఏ జాతి కోడి ఎలా ఉండాలో అమెరికావాళ్లు 1874లోనే పుస్తకం అచ్చేసుకున్నారు. ఈనాటికీ దాన్ని తిరగరాసుకుంటూ, ప్రదర్శనల్లో ఆ కొలతల ప్రకారమే కోడికి మార్కులేస్తారు. మావయ్యకి అలాంటి గ్రంథం ఒక పాత బ్యాంకు డైరీ. ఏ పెట్ట ఏ పుంజుకి పుట్టింది, ఎన్ని గుడ్లకి ఎన్ని పిల్లలు దించింది, వారం లోపల కంట్లో కొక్కెర తెగులు చుక్కలు ఏ రోజు వేశాం, అన్నీ ఉంటాయి. మనవడి పుట్టినరోజు ఎప్పుడని అడిగితే, "మైలపెట్ట రెండోసారి పిల్లల్ని దించిన వారం" అంటాడు. డైరీ తెరిచి చూస్తే తేదీ తప్పదు కూడా.

రంగుల దగ్గర మాత్రం నేనెప్పుడూ ఓడిపోతాను. కాకి అంటే నలుపు, సేతువ అంటే తెలుపు, డేగ అంటే ఎరుపు, ఇంతవరకూ ఫరవాలేదు. ఆపైన నెమలి, కౌజు, మైల, పర్ల, పింగళ, అబ్రాసు అంటూ ఉంటే తల తిరుగుతుంది. నేను మైల అంటే ఆయన కౌజు అంటాడు. మర్నాడు అదే కోడిని నేను కౌజు అంటే, "కాకిడేగరా అది, కళ్లున్నాయా నీకు?" అంటాడు. ఏ తిథికి ఏ రంగు నెగ్గుతుందో చెప్పే కుక్కుటశాస్త్రం మీద తనకి నమ్మకం లేదంటాడు. అట్టేసి బీరువాలో పంచెల కింద దాచుకున్నాడు.

ఓసారి పక్క ఊరి కుర్రాడొకడు నిగనిగలాడే నల్లపుంజుని తెచ్చి, కడక్‌నాథ్ అని చూపించాడు. మధ్యప్రదేశ్‌లో ఝాబువా దగ్గర పుట్టిన జాతి అది, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బాగా డబ్బు పోసి కొన్నాడట. మావయ్య ఏమీ మాట్లాడకుండా దాని ముక్కు తెరిచి చూపించాడు. లోపల గులాబీరంగు నాలుక. కడక్‌నాథ్‌కి నాలుకా నలుపే, చర్మమూ నలుపే. "ఈకలకి రంగేముందిరా, మనం జుట్టుకి వేసుకోవట్లేదా?" అన్నాడు. ఆ కుర్రాడు ఏడవలేదు గానీ, ఏడ్చేలాగే వెళ్లాడు.

ఆయనకి పడనిది వనరాజా. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ఉన్న కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం అది. రంగురంగుల ఈకలతో నాటుకోడిలాగే ఉంటుంది, ఏడాదికి వంద అటూ ఇటూగా గుడ్లు పెడుతుంది. మావయ్య అసీల్ పెట్టలు పదో పన్నెండో పెట్టేసి, ఇక మా పని అయిపోయిందని పొదుగుకి కూర్చుంటాయి. అప్పుడు దగ్గరికి వెళితే ఆయన్నే పొడుస్తాయి. "అది కోడి కాదు, ఆఫీసు" అంటాడు వనరాజాని. అత్తయ్య మాత్రం పంపు పక్కన విడిగా గూడు కట్టించి రెండు వనరాజాల్ని పెంచుకుంటుంది. ఆ ఇంట్లో పొద్దున్నే వేసే కోడిగుడ్డట్లన్నీ వాటి చలవే. మావయ్య తింటాడు, ఎక్కడివని అడగడు.

ఈ పిచ్చి ఆయనతో మొదలైంది కాదులెండి. దండి రాసిన దశకుమారచరితంలో ప్రమతి అనేవాడు దారిలో ఒక కోడిపందెం దగ్గర ఆగుతాడు. నారికేళ జాతి పుంజు మీదకి, దానికి బలంలోనూ కొలతలోనూ చాలని బలాక జాతి పుంజుని చూసుకోకుండా వదిలారే అని నవ్వుకుంటాడు. పక్కనున్న ముసలి బ్రాహ్మడు "ఊరుకో, ఈ తెలివితక్కువవాళ్లతో ఏం పని" అని చెవిలో చెప్పి, కర్పూర తాంబూలం చేతిలో పెడతాడు. గెలిచింది నారికేళమే. మా మావయ్యకి అలా తాంబూలమిచ్చి నోరు మూయించేవాళ్లు ఎవరూ దొరకలేదు. అదొక్కటే తేడా.

పోయిన ఏడాది జరిగింది మాత్రం చెప్పాలి. మావయ్యకి ఒక పర్లపెట్ట ఉంది, ముత్యాల కళ్లది. దానికి తగిన పుంజు కావాలని రెండు జిల్లాలు తిరిగి ఒక నెమలిపుంజుని తెచ్చాడు. రెంటినీ ఒక గూట్లో పెట్టి వల బిగించాడు. నాలుగో రోజు నుంచే గుడ్లు ఏరడం మొదలెట్టాడు. పదకొండు పోగయ్యాయి. గంపలో గడ్డి వేసి, ఉరుముకి గుడ్లు చెడకుండా బొగ్గుముక్కా ఇనపమేకూ పెట్టి, పెట్టని కూర్చోబెట్టాడు. ఏడోనాడు దీపానికి బదులు సెల్‌ఫోన్ లైటు పెట్టి ఒక్కో గుడ్డూ నాకు చూపించాడు. లోపల సాలెపురుగు కాళ్లలా ఎర్రటి నరాలు. నిజం చెప్పొద్దూ, నాకూ ఒళ్లు జలదరించింది. ఇరవై ఒకటో రోజుకి తొమ్మిది పిల్లలు దిగాయి.

పక్కింట్లో ఒక దిబ్బపుంజు ఉంది. దానికి జాతీ లేదు, పేరూ లేదు. నెత్తిమీద రంపం జుట్టు, అదీ ఒక పక్కకి వాలిపోయి ఉంటుంది. రోజంతా పేడదిబ్బ మీదే కాపురం. వేళకాని వేళ కూస్తుంది, ఆ కూతలో చివరి అక్షరం మింగేస్తుంది. పర్లపెట్ట గూట్లోకి వెళ్లక ముందు గోడ మీద ఎవరి పక్కన కూర్చునేదో అత్తయ్యకీ తెలుసు, నాకూ తెలుసు. పిల్లలు మూడో నెలకొచ్చేసరికి కోడి పనులన్నీ మానేసి దిబ్బ మీదకే పరిగెడుతున్నాయి. మావయ్య మాత్రం వాటి నెత్తులు చూపించి, "ముద్దజుట్టు! అన్నింటికీ ముద్దజుట్టే! జాతంటే అదిరా" అని మురిసిపోతున్నాడు.

నేను ఊరుకోలేకపోయాను. పెట్ట కడుపులో పుంజు బీజం రెండు వారాలకి పైనే నిలవ ఉంటుందనీ, పుంజుని మార్చాక మూడు వారాల గుడ్లు వదిలేస్తేనే లెక్క తేలుతుందనీ చెప్పాను. ముద్దజుట్టు కూడా సాక్ష్యం కాదన్నాను. రంపం జుట్టుతో కలిస్తే పిల్లల్లో ముద్దదే పైచేయి అవుతుందని బేట్సన్ అనే ఆయన 1902లోనే కోళ్ల మీద చూపించాడన్నాను.

"ఎవర్రా బేట్సన్? ఏ ఊరు?"

"ఇంగ్లండు, మావయ్యా."

"సొంత కోళ్లున్నాయా, ఒట్టి పుస్తకాలేనా?"

"పెంచే చూశాడు."

కాసేపు ఆలోచించాడు. ఒక పిల్లని పట్టుకుని ఛాతీ ఎముక తడిమాడు. "ఇంకో ఆర్నెల్లు చూద్దాం" అన్నాడు.

ఆ మాటే మావయ్య అసలు జాతకం. జాతి నిలబెట్టడమంటే ఏరివెయ్యడం. పదింటిలో ఒకటో రెండో ఉంచుకుని మిగతావి కూరకి పంపగలిగినవాడి దగ్గరే జాతి మిగులుతుంది. ఈ సంగతి మావయ్యే నాకు చెప్పాడు, చాలాసార్లు చెప్పాడు. కానీ ఆయన పెరట్లో ఇవాళ నలభై మూడు కోళ్లున్నాయి. వాటిలో ఒక్కటి కూడా తప్పింది లేదు, అన్నీ పరీక్షలోనే ఉన్నాయి. ఒకదానికి కాలు వంకర, కానీ చూపు బాగుంది. ఒకదానికి చూపూ లేదు, కానీ వాళ్లమ్మ మంచిది. ఇంకొకటి నాలుగేళ్లుగా గుడ్డు పెట్టలేదు, ఎందుకుంచావంటే, "పెడితే ఎలా ఉంటుందో చూడొద్దూ?" అంటాడు. చోళ్ల బస్తా దిగిన రోజున అత్తయ్య ఏమంటుందో ఇక్కడ రాయడం బాగుండదు.

మొన్న సంక్రాంతికి హైదరాబాదు నుంచి నా స్నేహితులిద్దర్ని తీసుకెళ్లాను. నాటుకోడి పులుసు తినిపిస్తానని దారిపొడుగునా ఊరించాను. అత్తయ్య మసాలా నూరేసి, "ఒకదాన్ని పట్టుకురండి" అంది. మావయ్య పెరట్లోకి వెళ్లాడు. పది నిమిషాలకి ఒక ఊఁ వినిపించింది, పొట్టిది. తర్వాత ఒక సాగిన ఊఁ. ఇంకా తర్వాత వరసగా నాలుగు, చివర పైకి లేచేవి. గంటకి ఖాళీ చేతులతో వచ్చి, పాలేరు కుర్రాడికి డబ్బులిచ్చి సైకిలెక్కించి సెంటర్లో చికెన్ కొట్టుకి పంపాడు. మా వాళ్లు కూర బాగుందనే అన్నారు. ఆరు వారాల బ్రాయిలర్‌ని ఎంత నాటు మసాలాతో దాచినా నాలుకకి తెలుస్తుంది. పాపం, మర్యాదస్తులు.

మావయ్య తన కంచంలోంచి ఛాతీ ఎముక పైకెత్తి, వెలుతురులో తిప్పి చూశాడు. "వంకర. చూశారా? ఎవడు ఎంచాడో గానీ" అన్నాడు.

అప్పుడే దిబ్బ మీంచి కూత వినిపించింది. మిట్టమధ్యాహ్నం. పక్కింటి పుంజు పోయి రెండు నెలలైంది. ఇది పర్లపెట్ట పెద్దకొడుకు, ముద్దజుట్టువాడు. కూసీ కూసీ చివరి అక్షరం మింగేశాడు.

మావయ్య చెయ్యి ఆగింది. ఎముక కంచంలో పెట్టి, చిన్నగా దగ్గి, "ఊఁ" అన్నాడు.

అత్తయ్య ఏమీ అనలేదు. ఆయన కంచంలో ఇంకో ముక్క వేసింది.